84 రోజులు, ఒకే కట్ట

అమలాపురం, రాజోలు, కొత్తపేటల నుంచి అమెరికా వెళ్లిన ఇంజినీర్లకు ‘ఆర్‌ఎఫ్‌ఈ’ అన్న మాట వింటేనే గుండె ఝల్లుమంటుంది. హెచ్‌-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుకు మరిన్ని ఆధారాలు కావాలంటూ అమెరికా వలస సేవల విభాగం యూఎస్‌సీఐఎస్‌, ఉద్యోగమిచ్చే కంపెనీకి పంపే నోటీసు అది. గడువు గరిష్ఠంగా 84 రోజులు. కాగితాలన్నీ ఒకేసారి వెళ్లాలి.

ఆ కట్టను పేర్చే లాయర్ల, వాళ్ల సహాయకుల పనితనం చూసి తీరాలి. అన్నిటికంటే పైన అసలు నోటీసు. అధికారి అడిగిన ప్రతి ప్రశ్నకూ ఒక విభాగం, ప్రతి మాటకూ ఒక ఆధారం, ప్రతి ఆధారానికీ ఒక నంబరు. ‘సాఫ్ట్‌వేర్‌ పని’ అని రాసి వదిలేయరు. ఏ పనికి ఎంత సమయం పడుతుందో, దానికి బీటెక్‌లో చదివిన ఏ సబ్జెక్టు అక్కరకొస్తుందో పట్టికలో పక్కపక్కనే చూపిస్తారు. చదువుకూ కొలువుకూ నేరుగా సంబంధం ఉండాలని 2025 జనవరి 17 నుంచి అమల్లో ఉన్న నిబంధన స్పష్టంగా చెబుతోంది మరి.

కాకినాడ జేఎన్‌టీయూ పట్టా అమెరికా డిగ్రీకి ఎలా సమానమో మూల్యాంకన పత్రం వివరిస్తుంది. సర్టిఫికెట్‌లో పొడి అక్షరంగా మిగిలిన ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, ఆ తేడాకూ ఓ వివరణ జతవుతుంది. తెలుగు కాగితం ఉంటే ఇంగ్లిషు అనువాదం, అది సంపూర్ణమైనదీ, సరైనదీ అన్న అనువాదకుడి ధ్రువీకరణ ఉంటాయి.

ఇంత ఓపికకు ఫలం ఒక్క ఆమోదపత్రం. ఆ కబురు అందిన రాత్రి కొబ్బరితోటల నడుమ ఇంట్లో అమ్మానాన్నలు నిశ్చింతగా నిద్రపోతారు.