పూడిక అడుగుననే చేరునా?

జలాశయమును గూర్చి పాఠము చెప్పునపుడు నల్లబల్లపై గీయు బొమ్మ ఒకటి కలదు. ఒక వైపున ఆనకట్ట, మరియొక వైపునుండి దిగివచ్చు నది, నడుమ నీరు. ఆనకట్టకున్న కాలువ తూము మట్టమునుండి వెనుకకు ఒక అడ్డగీత. గీతకు పైన వాడుకొను నీరు. క్రింద పూడిక కొరకు విడిచిన చోటు. దీనినే డెడ్ స్టోరేజి అందురు. ఏటేట వచ్చు ఒండ్రు ఈ క్రింది అరలో చేరును, అది నిండువరకు పైనీటికి లోటు రాదు అని పాఠము. బొమ్మ చక్కనిదే, జ్ఞాపకముంచుకొనుటకు సులభమే. నది మాత్రము ఆ గీతను ఎరుగదు.

నది మోయు సరుకు ఒకే రకమైనది కాదు. గులకరాళ్లు, ముతక ఇసుక అడుగున దొర్లుచు, గెంతుచు పోవును. సన్నని మట్టిని నీటిలోని సుడులు పైకెత్తి పట్టుకొని పోవును. వేగము తగ్గినప్పుడు ముందుగా పడునది ముతక సరుకు. ఆ వేగము తగ్గు చోటెక్కడ? ఆనకట్ట దగ్గర కాదు. పారు నది నిలువ నీటిలో ప్రవేశించు చోట, అనగా ఆనకట్టకు ఎన్నో మైళ్ల ఎగువన. సముద్రతీరమున వలెనే అక్కడ ఇసుక మేటవేసి ఒక డెల్టా ఏర్పడును. అది ఏటేట ఆనకట్ట వైపు జరుగుచు వచ్చును. ఈ మేటలో చాలభాగము గీతకు పైననే, అనగా పంటకు విడువవలసిన నీటి చోటుననే ఉండును. అందుచేత క్రింది అర నిండకమునుపే పై అర తరుగుట మొదలగును.

బొమ్మ పూర్తిగా అబద్ధమనుటయు న్యాయము కాదు. సన్నని ఒండ్రు కలిసిన నీరు తేటనీటికంటె బరువు గనుక ఒక్కొక్కప్పుడు అడుగు పట్టుకొని ఆనకట్ట వరకు జారివచ్చును. అమెరికాలో కొలరాడో నదిపై హూవర్ ఆనకట్ట వెనుక 1935లో నీరు నిలుచుట మొదలైన కొలది కాలమునకే, పైన జలాశయము తేటగా నుండగా, క్రింది తూములనుండి బురదనీరు వచ్చినది. క్రింది అరలోనికి పోవునది ముఖ్యముగా ఈ సన్నని మట్టియే. బొమ్మలోని దోషము కొంత నిజమును మొత్తము నిజముగా చూపుట.

ఈ దోషమునకు ధర చెల్లించునది కాలువ చివరి రైతు. తుంగభద్ర జలాశయము 1953లో నిండినప్పుడు దాని నిలువ సుమారు 133 టి.ఎం.సి. (ఒక టి.ఎం.సి. అనగా నూరు కోట్ల ఘనపుటడుగులు.) 2008 కొలతలో అది సుమారు 101గాను, 2016 కొలతలో సుమారు 106గాను తేలినది. మధ్యలో పూడిక ఎక్కడికో లేచిపోయినదని విద్యార్థులు భ్రమపడరాదు. కొలుచు పద్ధతి మారినచో అంకెయు కొంత మారును. మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరు కథ మరింత కఠినమైనది. 29.7 టి.ఎం.సి. నిలువ 1970ల నాటికి 12కు లోబడినది. తరువాత నీటిమట్టమును పెంచి సుమారు 17.8కి తెచ్చిరి. ఇది పూడికను తీయుట కాదు, దానిపైకి ఎక్కుట.

తూములు తెరచినచో మట్టి కొట్టుకొని పోదా అని తరగతిలో తప్పక ఎవరో ఒకరు అడుగుదురు. మంచి ప్రశ్న. 1935లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు యూల్‌స్ట్రోమ్ దీనికి చేరువైన విషయమును వక్రరేఖగా చూపెను: సన్నని బంకమట్టిని మోసికొని పోవుటకు చాల కొద్ది వేగము చాలును గాని, ఒకసారి పడి గట్టిపడిన పిమ్మట దానిని లేపుటకు ఇసుకకు కావలసిన దానికంటె ఎక్కువ వేగము కావలెను. నిండు జలాశయమున తూము తెరచినచో దాని ముందున్న గుంట మాత్రమే శుభ్రపడును. నీటిమట్టమును బాగుగా దించి నదిని నదివలె పారనిచ్చినగాని మేట కదలదు.

చైనాలో పసుపు నదిపై సన్‌మెన్‌షియా ఆనకట్ట ఈ సంగతిని పెద్ద మూల్యముతో నేర్పినది. అడుగు తూములు మూయరాదని ఇంజనీరు హ్వాంగ్ వాన్‌లీ 1957లో వాదించెను. ఆయన మాట చెల్లలేదు. 1960లో నీరు నిలిపిరి. ఏడాదిన్నరలో సుమారు 150 కోట్ల టన్నుల ఒండ్రు చేరినది. ఆనకట్టకు నూరు కిలోమీటర్లకు పైగా ఎగువనున్న తుంగ్‌గ్వాన్ వద్ద నది అడుగు సుమారు నాలుగున్నర మీటర్లు లేచినది. సిమెంటుతో మూసిన తూములను 1970 తరువాత మరల తెరచిరి. 1973 నుండి వరదకాలమున మట్టము దించి బురదను పోనిచ్చి, తరువాతి తేటనీటిని నిలుపుచున్నారు.

1852లో ధవళేశ్వరమున పూర్తియైన కాటన్ ఆనకట్ట పొట్టిగా నుండెడిది. వరద దానిపైగా పొరలిపోయెడిది, ఇసుకను కడిగివేయుటకు తూములు వేరుగా అమర్చబడినవి. అది నీటిని మళ్లించుటకే గాని దాచుటకు కట్టినది కాదు గనుక, ఎత్తైన జలాశయమునకు దానిని పోటీగా నిలుపుట తగదు. అయినను రెండు బొమ్మలు ప్రక్కప్రక్కన గీసినచో పిల్లలకు ఒండ్రు దారి కనబడును. మొదటి బొమ్మలో అడ్డగీత ఉండనిండు. దానిపైన, నది ప్రవేశించు కొననుండి ఆనకట్ట వైపు ఏటవాలుగా సాగు మేటను రంగు సుద్దతో గీయవలెను. ప్రతి పదియేండ్లకు దాని అంచును ఒక అంగుళము ముందుకు జరుపవలెను.