రాణి సొన్‌డొక్ : కొరియన్ చారిత్రక టెలివిజన్ ధారావాహికలో పాత్రౌచిత్యం

ప్రస్తావన

పాత్ర ఆద్యంతం ఒకే స్వభావంతో ఉండాలా, కథతోపాటు మారాలా అన్నది సాహిత్య విమర్శలో పాత ప్రశ్న. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో పాత్రకు ఉండవలసిన గుణాలలో ఏకరూపతను చేర్చాడు. నిలకడలేని మనిషిని చిత్రించినా ఆ నిలకడలేనితనం ఏకరూపంగా కనిపించాలన్నాడు. క్షేమేంద్రుడు 11వ శతాబ్దిలో ఔచిత్యాన్నే కావ్యానికి జీవితంగా ప్రతిపాదించాడు. ఈ రెండు దృక్పథాలూ మార్పును నిషేధించలేదు. మార్పుకు తగిన హేతువు రచనలోనే ఉండాలని కోరాయి.

నెలల తరబడి సాగే టెలివిజన్ ధారావాహికలో ఈ హేతువును నిలబెట్టడం కష్టం. అందుకే పాత్రౌచిత్యానికి ఆ ప్రక్రియ మంచి పరీక్షాస్థలం. దక్షిణ కొరియాకు చెందిన ఎమ్‌బీసీ సంస్థ 2009 మే నుంచి డిసెంబరు వరకు వారానికి రెండు భాగాల చొప్పున ప్రసారం చేసిన 'రాణి సొన్‌డొక్' చారిత్రక ధారావాహికను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. దీని రచయితలు కిమ్ యొంగ్-హ్యొన్, పార్క్ సాంగ్-యొన్. తొలుత 50 భాగాలుగా అనుకున్న ఈ కథ 62 భాగాలకు పెరిగింది. ప్రతినాయిక మిషిల్ మరణం 50వ భాగంలో వస్తుంది. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న పన్నెండు భాగాలలోనే రచనకు సంబంధించిన అసలు సమస్య ఉంది.

మూలాలు, కల్పన

సొన్‌డొక్ సిల్లా రాజ్యాన్ని క్రీ.శ. 632 నుంచి 647 వరకు పాలించిన రాణి. ఆమె అసలు పేరు దొక్‌మన్. కిమ్ బు-సిక్ 1145లో పూర్తిచేసిన 'సామ్‌గుక్ సాగి', 13వ శతాబ్దిలో ఇర్యొన్ అనే బౌద్ధభిక్షువు కూర్చిన 'సామ్‌గుక్ యుసా' ఆమె చరిత్రకు ప్రధానాధారాలు. తాంగ్ చక్రవర్తి నుంచి వచ్చిన పూల చిత్రంలో సీతాకోకచిలుకలు లేకపోవడం గమనించి ఆ పూలకు పరిమళం ఉండదని ఆమె ఊహించినట్లు ఒక గాథ ఉంది. చలికాలంలో కప్పల అరుపు విని శత్రువుల రాకను పసిగట్టినట్లు మరొక గాథ ఉంది. కంటికి కనిపించిన దాని నుంచి కనిపించని దానిని ఊహించే శక్తి సంప్రదాయం ఆమెకు ఇచ్చిన ముఖ్యలక్షణం.

మిషిల్ పరిస్థితి వేరు. పై రెండు గ్రంథాలలో ఆమె లేదు. ప్రామాణికత వివాదాస్పదమైన 'హ్వారంగ్ సెగి' ప్రతి ఒక్కటే ఆమెకు ఆధారం. దొక్‌మన్‌ను కవల పిల్లలలో రెండవదానిగా చూపడం, ఆమె తక్లమకాన్ ఎడారిలో పెరగడం, బిదామ్ మిషిల్‌కు పుట్టిన కొడుకు కావడం రచయితల కల్పనలు. ఇవి చరిత్రకు దూరం అన్నంత మాత్రాన దోషాలు కావు. పరంపరాగతమైన కథలో రసానికి అనుకూలించని అంశాన్ని విడిచి, తగిన అంశాన్ని కల్పించుకొనే అధికారం కవికి ఉందని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో స్పష్టంగా చెప్పాడు. కనుక మన ప్రశ్న కల్పన చేయవచ్చునా అన్నది కాదు. చేసిన కల్పనకు రచన చివరివరకు కట్టుబడిందా అన్నదే ప్రశ్న.

మిషిల్: మారుతూ నిలిచిన పాత్ర

మిషిల్ అధికారం ఖగోళజ్ఞానంపై ఆధారపడింది. పంచాంగ గణన రహస్యం ఆమె గుప్పిట ఉంది. వానను, గ్రహణాన్ని ముందే తెలుసుకొని వాటిని దైవసంకల్పంగా ప్రకటించి ప్రజలను లోబరచుకొంటుంది. ప్రజలకు సత్యం భారమనీ, వారు కోరేది భ్రమ అనీ ఆమె నమ్మకం. ఇది కేవలం క్రౌర్యం కాదు. పాలన గురించి ఆమెకున్న ఒక సిద్ధాంతం. ప్రతినాయికకు సిద్ధాంతాన్ని ఇవ్వడం వల్ల నాయికకూ సిద్ధాంతం అవసరమైంది. ఈ ధారావాహిక పూర్వార్ధానికి బలం అక్కడినుంచే వచ్చింది.

ఈ పాత్రలో పెద్ద మార్పు ఒకటి ఉంది. ముగ్గురు రాజుల కాలంలో చక్రం తిప్పినా మిషిల్ కోరుకొన్నది పట్టమహిషి స్థానమే. స్త్రీ అయిన దొక్‌మన్ తానే రాజునవుతానని ప్రకటించడం, యువరాజు చున్‌చు సిల్లా వంశశ్రేణుల వ్యవస్థనే తక్కువచేసి మాట్లాడడం ఆమెను కుదిపివేస్తాయి. తాను ఎన్నడూ సింహాసనాన్ని ఎందుకు కలగనలేదని ఆమె తన్ను తాను ప్రశ్నించుకొంటుంది. ఆ ప్రశ్న నుంచే ఆమె తిరుగుబాటు పుడుతుంది. అంతవరకు తెరవెనుక ఓర్పుతో పావులు కదిపిన మనిషి ఒక్కసారిగా బాహాటంగా దూకడం పైకి అసంగతం. కాని హేతువు ప్రేక్షకుడి కళ్లముందే జరిగింది కనుక ఆ మార్పు పాత్రను విప్పి చూపిందే తప్ప విరచలేదు.

ఆమె అంతం కూడా అటువంటిదే. దేయా కోటలో తలదాచుకొన్నప్పుడు సరిహద్దు సేనలు ఆమెకు తోడుగా బయలుదేరుతాయి. అవి కదిలితే బెక్జే రాజ్యానికి దారి తెరిచినట్లే. జిన్‌హుంగ్ రాజుతో కలిసి తాను నెత్తురోడ్చి నిలిపిన హద్దును అంతర్యుద్ధానికి బలిపెట్టలేక ఆ సేనలను వెనక్కు పంపి విషం తీసుకొంటుంది. తొలి భాగంలో చూపిన యువయోధురాలే యాభైయవ భాగంలో ఈ నిర్ణయం చేసింది. ఓటమి కూడా పాత్రలోపలి నుంచే రావడం ఉత్తమ రచనకు గుర్తు.

దొక్‌మన్: ఆగిపోయిన ప్రశ్న

దొక్‌మన్ పాత్రకు రచయితలు ఇచ్చిన బీజం జిజ్ఞాస. ఎడారి విడిదిలో నానాదేశాల వర్తకుల నడుమ పెరిగిన పిల్ల ఆమె. ఎదురైన ప్రతిదానినీ ఎందుకని అడుగుతుంది. 'సామ్‌గుక్ యుసా' గాథలలోని ఊహాశక్తికి ఇది చక్కని నాటకీయ రూపం. మిషిల్ ఆయుధమైన గ్రహణాన్నే ఆమె మిషిల్‌పై ప్రయోగించి గెలుస్తుంది. గెలిచిన తరువాత ఆ ఆయుధాన్ని తన దగ్గర ఉంచుకోదు. చొమ్‌సొంగ్‌దే వేధశాలను నిర్మించి పంచాంగ జ్ఞానాన్ని అందరికీ తెరవాలని నిశ్చయిస్తుంది. ప్రజలకు కావలసింది భ్రమ అన్న మిషిల్‌కు, వారికి కావలసింది ఆశ అని ఆమె బదులిస్తుంది.

రచయితలు ఆ ఆదర్శాన్ని పరీక్షకు పెట్టడంలోనూ వెనుదీయలేదు. రైతులకు భూమి, పనిముట్లు ఇచ్చి నమ్మినప్పుడు వారు వాటితో పారిపోతారు. దొక్‌మన్ వారిని పట్టించి, నాయకులను తన చేతులతోనే వధిస్తుంది. ఆ చేతులు వణుకుతాయి. దయకు, దండనకు మధ్య నలిగే పాలకురాలి సహజచిత్రణ ఇది. ఇక్కడ ఆమె మారుతోంది. ఎందుకు మారుతోందో మనకు తెలుస్తోంది.

పట్టాభిషేకానంతరం ఈ చిత్రణ సన్నగిల్లుతుంది. యుషిన్‌పై ద్రోహారోపణ, గాయా తెగవారి రహస్య సంఘం, బెక్జే దండయాత్ర, సభాసదుల కుట్రలు వరుసగా వస్తాయి. వీటిలో చాలాచోట్ల రాణి వార్తలు వినే వ్యక్తిగా, ఇతరులలో ఎవరిని నమ్మాలో తేల్చుకోలేని వ్యక్తిగా మిగులుతుంది. పరిశీలించి, ఊహించి, ఎత్తుగడ వేసే బుద్ధి ఆమెనుంచి యుషిన్‌కు, చున్‌చుకు బదిలీ అవుతుంది.

దీనికి ఒక సమాధానం ఉంది. సింహాసనం మనిషిని ఒంటరిని చేస్తుందన్నది ఉత్తరార్ధం ఉద్దేశించిన ఇతివృత్తం. రాజుకు పేరుండదనీ, తన పేరు పెట్టి పిలవడం రాజద్రోహమవుతుందనీ దొక్‌మన్ బిదామ్‌తో చెప్పే సన్నివేశం ఈ ఇతివృత్తానికి శిఖరం. ఆ మాట అన్న స్త్రీ మౌనంగా ఉండడం అసహజం కాదు. ఈ వాదనలో కొంత నిజముంది. అయితే ఒంటరితనం ఆమె దుఃఖానికి హేతువు కాగలదు గాని ఆమె జిజ్ఞాస ఆరిపోవడానికి హేతువు కాజాలదు. ఎడారిలో, సొరాబొల్ సైనిక శిబిరంలో ఆమె ఇంతకంటె ఒంటరిగానే ఉంది. అప్పుడు ఆ ఒంటరితనమే ఆమె చేత ప్రశ్నలు అడిగించింది. అదే స్థితి ఒకచోట బుద్ధికి పదును పెట్టి, మరొకచోట మొద్దుబార్చితే నడుమ ఏం జరిగిందో రచన చూపాలి. అది చూపలేదు.

అసలు కారణం నిర్మాణంలో ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. దొక్‌మన్ సిద్ధాంతం మిషిల్ సిద్ధాంతానికి జవాబుగా రూపొందింది. జవాబు చెప్పవలసిన గొంతు యాభైయవ భాగంలో మూగబోయింది. పెరిగిన పన్నెండు భాగాలకు కుట్రదారులు దొరికారు గాని ప్రతివాది దొరకలేదు.

బిదామ్: హేతువు ఉండీ వాడుకోని పాత్ర

మిషిల్ తనకు పనికిరాలేదని విడిచిపెట్టిన శిశువు బిదామ్. పెంచిన గురువు మున్నో, అతడు బాల్యంలో చేసిన హత్యాకాండ చూసి మనసు విరుచుకొన్నాడు. గ్రహణ ఘట్టంలో దొక్‌మన్ మిషిల్‌ను నమ్మించడానికి ముందు బిదామ్‌నే మోసగించింది. గ్రహణం రాదని నమ్మిన మనిషి ముఖాన్నే మిషిల్ చదివింది. చితి మీద నిలిచిన బిదామ్‌కు చీకటి కమ్మేవరకు నిజం తెలియదు. ముగ్గురూ అతడిని పనిముట్టుగానే చూశారు. నమ్మకం ఎరుగని ఈ మనిషి చివరకు నమ్మలేక నశించడానికి ఇంతకంటె బలమైన పునాది అక్కరలేదు.

కాని అతడి తిరుగుబాటుకు తక్షణకారణం ఈ పునాది నుంచి రాలేదు. రాణియే తనను చంపించబూనినదని యొమ్‌జొంగ్ పన్నిన బూటకం దానికి కారణమైంది. చివరకు యొమ్‌జొంగ్ నోటనే, అన్నిటికీ మూలం బిదామ్ చలించిన మనసేనని చెప్పించి రచయితలు ఈ లోటును పూడ్చే ప్రయత్నం చేశారు. ఆ మాట సత్యమే. అయితే సన్నివేశం చేయవలసిన పనిని సంభాషణ చేసింది. గ్రహణం నాటి మోసం దొక్‌మన్‌కు ఒక్కసారి గుర్తుకువచ్చి ఉంటే తిరుగుబాటు బాధ్యతలో ఆమెకూ భాగం దక్కేది. ఇద్దరి పాత్రలూ ఒకే దెబ్బతో లోతెక్కేవి.

చరిత్రలో తిరుగుబాటు, తెరపై తిరుగుబాటు

ఈ లోటు కళకు మాత్రమే సంబంధించినది కాదు. 'సామ్‌గుక్ సాగి' ప్రకారం 647లో బిదామ్, యొమ్‌జొంగ్‌ల తిరుగుబాటుకు చెప్పిన కారణం స్త్రీ చక్కగా పాలించలేదన్నది. ఆ గ్రంథకర్త కిమ్ బు-సిక్ స్వయంగా స్త్రీ రాజ్యాధికారాన్ని నిరసిస్తూ వ్యాఖ్య రాశాడు. అంటే సొన్‌డొక్‌పై అభియోగం తిరుగుబాటుదారులది మాత్రమే కాదు. ఆమె చరిత్రను మనకు అందించిన చేతిది కూడా. ధారావాహిక పూర్వార్ధంలో ఇద్దరు స్త్రీలు పాలన అంటే ఏమిటో వాదించుకోవడం ఈ అభియోగానికి గొప్ప సమాధానం. చివరి తిరుగుబాటు ప్రేమలో పుట్టిన అపార్థంగా మారడంతో, అభియోగం ఎదురుగా వచ్చిన వేళ సమాధానం చెప్పవలసిన రాణి ప్రేయసి స్థానంలోకి జరిగింది. ఆమె సింహాసనాన్ని చున్‌చుకు వదలి శేషకాలం బిదామ్‌తో గడపాలని తలచడం మానవసహజమే. కాని రాజ్యం కోసం మిషిల్ చేసిన త్యాగం పక్కన పెట్టి చూస్తే ప్రతినాయికే పాలకురాలిగా ఎక్కువ బరువు తూగుతుంది.

మూలగ్రంథంలో మరొక అవకాశం ఉంది. రాణి ఉన్న వొల్‌సొంగ్ కోట వైపు నక్షత్రం రాలడంతో రాణి బెదిరిందనీ, కిమ్ యుషిన్ మండే బొమ్మను గాలిపటానికి కట్టి ఎగురవేసి, రాలిన నక్షత్రం తిరిగి ఆకాశానికి ఎగసిందని ప్రచారం చేశాడనీ 'సామ్‌గుక్ సాగి' చెబుతుంది. ఇది మిషిల్ పద్ధతి. ఆకాశం పేరుతో ప్రజలను ఏమార్చనని చొమ్‌సొంగ్‌దే కట్టించిన రాణికి తన ప్రాణరక్షణ కోసం అదే ఉపాయం అవసరం కావడం కంటె తీవ్రమైన సంకటం ఏముంటుంది? దొక్‌మన్ చివరి పరీక్షగా నిలవగల ఈ ఘట్టం చరిత్రలోనే సిద్ధంగా ఉంది. ముగింపు బరువు మాత్రం ప్రేమవిషాదం మీద పడింది.

ముగింపు

రాణి మరణసమయంలో, తొలిసారి సొరాబొల్‌లో అడుగుపెట్టిన బాలదొక్‌మన్‌ను ఎవరో స్త్రీ కౌగిలించుకొన్న స్వప్నం మళ్లీ వస్తుంది. ఆ స్త్రీ తానేనని అప్పుడు తెలుస్తుంది. రచయితలకు ఆ బాలిక ఎవరో చివరిదాకా గుర్తుందనడానికి ఇది నిదర్శనం. ఆ గుర్తు నడుమ పన్నెండు భాగాలలో సడలడమే ఈ రచనలోని విషాదం.

ఈ పరిశీలన వల్ల తేలే అంశాలు మూడు. పాత్ర ఏకరూపత మార్పులేమి కాదు. మార్పుకు హేతువు కనిపించడమని మిషిల్ నిరూపిస్తుంది. ప్రతివాదం కొరవడితే నాయకపాత్ర బుద్ధి కుంటుపడుతుందని దొక్‌మన్ నిరూపిస్తుంది. లోపలి హేతువు సిద్ధంగా ఉండగా బయటి కుట్రను ఆశ్రయిస్తే పాత్ర బాధ్యత తేలికవుతుందని బిదామ్ నిరూపిస్తుంది. స్త్రీ సింహాసనమెక్కితే సామంతులు, దాయాదులు ఎదురుతిరిగిన కథ తెలుగువారికి రుద్రమదేవి ద్వారా పరిచితమే. నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి'ని, అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి'ని చదివేటప్పుడు కూడా అడగవలసిన ప్రశ్న ఇదే: ఆమెను సింహాసనం మీద కూర్చోబెట్టిన రచన, కూర్చున్న తరువాత ఆమెను ఆలోచించనిచ్చిందా?