ఏమీ జరగని షిఫ్టు

ఈ-కామర్స్ గోదాములకు ఆపరేషన్స్ మేనేజర్లను ఎంపిక చేసే ప్యానెళ్లలో కొన్నేళ్లుగా కూర్చుంటున్నాను. టెక్ కంపెనీ ఉద్యోగం అనగానే మనకు కంప్యూటర్ ముందు కుర్చీయే గుర్తొస్తుంది. ఫోన్‌లో నొక్కిన ఆర్డరు ఇంటి గుమ్మం ముందుకు రావాలంటే మాత్రం శంషాబాద్ వైపో మేడ్చల్ వైపో ఒక షెడ్డులో రాత్రి షిఫ్టు నడవాలి. ఆ షిఫ్టు నడిపేవాళ్లకూ ఐదారు రౌండ్ల ఇంటర్వ్యూలుంటాయి.

ఈ ప్రశ్నల తీరు చాలామటుకు అమెజాన్ అలవాటు చేసింది. ఆ కంపెనీకి 16 లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్ ఉన్నాయి, చివరి రెండూ 2021లో చేరాయి. రౌండుకు రెండో మూడో సూత్రాలు పంచుకుని, "ఇలాంటి సందర్భం మీకెప్పుడొచ్చింది, అప్పుడు మీరేం చేశారు" అని తవ్వుతారు. బార్ రైజర్ అని ఒకరుంటారు. ఖాళీ ఉన్న టీముతో సంబంధం లేని మనిషి, ఆ మనిషి వద్దంటే ఇక వద్దే. మిగతా కంపెనీలూ కాస్త అటూఇటూగా ఇదే దారి పట్టాయి. అందరినీ ఒకే ప్రశ్నలడిగి ఒకే కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూ, కబుర్లతో సాగేదానికంటే మెరుగని ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు 1998లోనే పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి తేల్చారు. "మీదే ఊరు, ఎవరి తాలూకు" ఇంటర్వ్యూలు చూసినవాణ్ణి, నాకు వేరే రుజువు అక్కర్లేదు.

చిక్కల్లా ఒకటే. ఈ పద్ధతి కథ అడుగుతుంది. కష్టం, అందులో మీ ప్రతాపం, చివర్లో ఒక శాతం. ఆపరేషన్స్‌లో బాగా పనిచేసేవాళ్ల దగ్గర సాధారణంగా ఉండనిది అదే.

ఒకరోజు ఒక కుర్రాడు కన్వేయర్ ఆగిపోయిన రాత్రిని సినిమాలా చెప్పాడు. తెల్లారేసరికి బ్యాక్‌లాగ్ సగానికి దిగిందట. ఆ కన్వేయర్‌కు అంతకుముందు సర్వీసింగ్ ఎప్పుడైందని అడిగితే, "అది మెయింటెనెన్స్ వాళ్లది సార్" అన్నాడు. తర్వాత షిఫ్టు ఇన్‌ఛార్జిగా మొదలై ఎదిగిన ఒకాయన వచ్చారు. దసరా సేల్‌లో ఎదురైన పెద్ద సమస్య చెప్పమంటే కాసేపు ఆలోచించి, "పెద్దగా ఏం కాలేదండీ, నడిచిపోయింది" అన్నారు. నా పక్కనున్నావిడ ల్యాప్‌టాప్‌లో ఏదో కొట్టారు, ఎక్కువ మార్కయితే కాదు.

"ఎందుకు కాలేదు?" అన్నాను. అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది. నెల ముందే ప్యాకింగ్ వాళ్లకు పికింగ్ కూడా నేర్పించారు. మిక్సీలు, కుక్కర్లలాంటి బరువు సరుకును డాక్ దగ్గరికి జరిపించారు. రాత్రి క్యాబులకు రెండో వెండర్‌ను సిద్ధంగా పెట్టుకున్నారు. బతుకమ్మకు, దసరాకు ఎవరెవరు ఊరెళ్తారో ముందే అడిగి రాసుకున్నారు. "వద్దంటే ఆగరు కదండీ, ఫోన్ స్విచాఫ్ చేసుకుంటారు. సరేనంటే చెప్పి వెళ్తారు." ఇదంతా చెప్పుకోదగ్గ విషయమని ఆయనకు తోచనేలేదు.

అంకెల ప్రశ్న ఒకటి తప్పనిసరి. గంటకు 600 పార్సిళ్లు వస్తూ, ఒక్కోటి సగటున 2 గంటలు ఉంటే, లోపల సగటున ఎన్ని ఉంటాయి? 1200. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రమిది. ఎంబీఏ వాళ్లు సూత్రం పేరుతో మొదలుపెడతారు. ఈయన 1200 అనేసి, "రెండు గంటలు మూడైతే 1800 అండీ, అంత చోటుందా మీ దగ్గర?" అని మమ్మల్నే అడిగారు.

ఆయన్ని తీసుకోవడానికి గంటసేపు వాదించుకున్నాం. "రిజల్ట్‌లో అంకె ఏదీ?" అని ఆవిడ. జరగని నష్టానికి అంకె ఎక్కడినుంచి తెస్తారని నేను. చివరికి తీసుకున్నాం.

ఇప్పుడు అందరినీ ఇంకో ప్రశ్న అడుగుతున్నాను: షిఫ్టులోకి రాగానే ముందు ఏం చూస్తారు? చాలామంది డాష్‌బోర్డు అంటారు, కొందరు హాజరు. మొన్న ఒకమ్మాయి సేఫ్టీ షూ ర్యాకు చూస్తానంది. ఎన్ని జతలు మిగిలితే అంతమంది రానట్టు, స్క్రీన్ మీద హాజరు పడేలోపే తెలిసిపోతుందట. దీన్ని ఏ సూత్రం కింద వేయాలో మా ఫారమంతా వెతికాం. సరిపోయే గడి లేక 'డైవ్ డీప్' (లోతుగా చూడటం) అనే సూత్రం కింద రాసేశాం.