తొందరపడని కంఠము

పురుషకంఠములలో పైస్థాయిదగు టెనారు కంఠమును సంపాదించుట యొక యెత్తు, సంపాదించినదానిని పాడుచేసికొనకుండుట యొక యెత్తు. ఈ రెండవ విద్యను గూర్చి గ్రంథములు చెప్పినది స్వల్పము, గురువులు నోటితో చెప్పినదే అధికము. ఇరువదియేండ్లు నిండని కుఱ్ఱవానికి పైస్థాయి యందినదని తెలియగనే చుట్టునున్నవారు పెద్ద పాత్రలన్నియు తెచ్చి వాని నెత్తిన పెట్టుదురు. ముప్పదియేండ్లు రాకమునుపే వాడు పాట విడిచి వేఱు వృత్తి వెదకికొనును. కొంతకాలముగా రాత్రులయందు మాల్టా దేశీయుడగు జోసెఫ్ కలేయా పాడిన రికార్డులను వరుసగా వినుచు, ఈ గండమును ఇతడెట్లు గడచెనా యని ఆలోచించుచున్నాను.

మొత్తము 316 చదరపు కిలోమీటర్ల దేశమున, ఆతార్డ్ అను నూర 1978లో జన్మించిన యీ బాలునికి, రాజధానియగు వల్లెట్టాలో పోయి చూచుటకు పెద్ద ఒపేరా భవనము లేదు. ఉన్న రాయల్ ఒపేరా హౌసు 1942 ఏప్రిలులో బాంబులు పడి కూలిపోగా, దాని శిథిలములే దశాబ్దముల తరబడి నిలిచియుండెను. పదుమూడవ యేట మారియో లాంజా నటించిన ‘ది గ్రేట్ కరూసో’ చలనచిత్రము చూచి పాటపై మనసుపడెను. పదునాఱవ యేట పాల్ ఆషాక్ అను వృద్ధ టెనారునకు శిష్యుడయ్యెను. చలనచిత్రము చూచి గాయకులు కాగోరినవారికి లోకమున కొదువ లేదు. తానును ఒకనాడు విదేశ రంగస్థలములపై పాడి వచ్చి, ఎప్పుడు పాడవలెనో, ముఖ్యముగా ఎప్పుడు పాడరాదో యెఱిగిన గురువు ఇంటిచెంతనే దొరకుట మాత్రము అందఱికి పట్టెడు భాగ్యము కాదు.

అట్టి గురువు నేర్పవలసిన విద్య యిట్టిది: టెనారు గొంతు క్రిందనుండి నిండుగా మ్రోగుచు పైకి పోవుచుండగా, ఒకానొక చోట, రెండు మూడు స్వరముల మేర, ముందునకు సాగక మొరాయించును. ఇటలీ గురువులు దానిని ‘పస్సాజ్జో’ అందురు. అచ్చట బలము చూపినచో పాట అఱపగును; భయపడి సడలించినచో స్వరము చీలును. అకారమును కొంచెము ఓకారము వైపునకు త్రిప్పి, ఊపిరి తెగనీయక, మెడ బిగియనీయక, ఏమియు జరుగనట్లే దాటిపోవలెను. విన్నవానికి అచ్చటనొక గండమున్నదని తెలిసినచో సాధన చాలలేదన్నమాట. పైగా ఒపేరాలో మైకు లేదు. అఱువది డెబ్బది వాద్యముల హోరుమీదుగా ఒక్క మనుష్యుని గొంతు చివరి వరుసకు చేరుట కండబలముచేత కాదు: వాద్యబృందపు నాదశక్తి 500 హెర్ట్జుల ప్రాంతమున మిక్కుటమై పైకి పోయినకొలది సన్నగిల్లుననియు, శిక్షితమైన పురుషకంఠము 3000 హెర్ట్జుల చుట్టును ప్రత్యేకమైన శక్తిని కూర్చుకొని ఆ సందున వినవచ్చుననియు స్వీడను శాస్త్రజ్ఞుడు యోహాన్ సుండ్‌బెర్గ్ 1970ల నాటి పరిశోధనలలో నిరూపించెను. గురువులు హెర్ట్జుల నెఱుగకయే దీనిని తరతరములుగా నేర్పుచుండిరి.

1997లో, పందొమ్మిదవ యేట, కలేయా తొలిసారి ఒపేరా రంగమెక్కినది గోజో దీవిలోని ఆస్ట్రా థియేటరులో, వెర్డీ రచించిన ‘మాక్బెత్’లోని మాక్డఫ్ పాత్రయందు. ఈ యెన్నికలోని వివేకమును గమనింపుడు. మాక్డఫ్ ఒంటిగా పాడు పాట ఒక్కటే, అదియు చివరి యంకమున, హతులైన బిడ్డలను తలచి వగచు తండ్రి పాట. అది పాడినవానికి పేరు తెచ్చును, వాని గొంతును చీల్చదు.

ఆస్ట్రా కథయు వినదగినదే. గోజో వైశాల్యము 67 చదరపు కిలోమీటర్లు. అయినను దాని ముఖ్యపట్టణమగు విక్టోరియాలో, ఒకే వీథిలో, రెండు ఒపేరా థియేటర్లు కలవు. ఆస్ట్రా ‘లా స్టెల్లా’ బ్యాండు క్లబ్బువారిది, ఆరోరా ‘లియోనె’ బ్యాండు క్లబ్బువారిది. వారు సెయింట్ జార్జి ఉత్సవమువారు, వీరు శాంటా మరియా ఉత్సవమువారు. ఏటేట అక్టోబరులో ఇరువురును పంతముపట్టి చెఱియొక ఒపేరా ప్రదర్శింతురు. ముఖ్యగాయకులు బయటినుండి వత్తురు గాని, కోరసులో గొంతు కలుపువారును, తెరవెనుక చాకిరి చేయువారును పెక్కురు ఊరివారే. ఊరి కక్షలు కళను మ్రింగివేయుటను మనమెన్నియో చూచియున్నాము. ఒక కక్ష రెండు నాటకశాలలను పోషించుట నే విన్నంతలో ఇదియొక్కటే.

పిదప సంగతులు త్వరగా నడచినవి: 1998లో మిలానున కరూసో పోటీలో గెలుపు, 1999లో ప్రసిద్ధ టెనారు డొమింగో స్థాపించిన ‘ఒపెరాలియా’లో బహుమతి. 2002లో లండను కోవెంట్ గార్డెనులోను, 2006లో న్యూయార్కు మెట్రోపాలిటనులోను ఇతడు తొలిసారి కనబడినది ఒకే పాత్రలో, ‘రిగొలెట్టో’ ఒపేరాలోని మాంటువా ప్రభువుగా. తన కంఠమునకు అమరిన యంగీని ఇతడు తొందరపడి విప్పలేదు. ఇది యెంత కష్టమో ఆ వృత్తివారికే తెలియును. పరదేశమున స్వతంత్రముగా పాడు ఒపేరా గాయకునికి సాధారణముగా పాడిన ప్రదర్శనకే జీతము. జలుబు చేసి మానుకొన్న రాత్రికి పైసయు రాదు, హోటలు అద్దె మాత్రము ఆగదు. అట్టి స్థితిలో బరువైన పాత్రకు పిలుపు వచ్చినప్పుడు, ఇంక కొన్నియేండ్లు పోనిండని చెప్పగలిగిన యువకుని ధైర్యము నాకు పైస్థాయి స్వరముకన్న ఘనముగా తోచును.

ఇతని గొంతులోని వేగమైన కంపమును విమర్శకులు కొందఱు నిందించిరి, కొందఱు గ్రామఫోను తొలినాళ్ల గాయకులను తలపించుచున్నదని మెచ్చిరి. నేను రెండవ పక్షమువాడను. పలుచని స్వరము కరగి మాయమగు చోట్ల ఆ కంపమే దానికి ప్రాణమిచ్చును. నునుపైన గొంతులు నేడు చాలగలవు. రెండు పదములు పాడగనే ఎవరిదో పోల్చుకొనదగిన గొంతులు తక్కువ.

2013లో ఇతని పేర వెలసిన ఫౌండేషను మాల్టాలోని యువకళాకారులకు సాయపడుచున్నది. వారిలో నెవరైన గోజోలో మొదట పాడుదురేని, ఆ యక్టోబరునకు టిక్కెట్టు కొనుటకు నాకు మనసున్నది. ఆస్ట్రాలో కూర్చుండినచో ఆరోరావారు నొచ్చుకొందురేమోనని రెండింటికిని కొనవలసివచ్చును.