కాగితపు రోబోకు బలమిచ్చేది ఏది?

కాగితంతో రోబో నమూనా చేయడమంటే తల, మొండెం, చేతులు, కాళ్లు అనే ప్రతి భాగాన్నీ విప్పి పరిచిన రూపంలో కాగితంపై గీసి, కత్తిరించి, మడిచి, అంచులు అంటించి తిరిగి ఘనాకృతికి తేవడం. ఇలా విప్పి పరిచిన ఆకృతిని బడి గణితంలో వల రూపం అంటారు. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1525లో ప్రచురించిన జ్యామితి గ్రంథంలో బహుముఖులకు ఇటువంటి రూపాలు గీసి చూపాడు. గోళాన్ని ముడత పడకుండా కాగితంతో కప్పడం సాధ్యం కాదు గానీ పెట్టెను, స్తూపాన్ని, శంకువును కప్పవచ్చు. రోబో దేహాన్ని దాదాపుగా ఈ మూడింటితోనే కూర్చవచ్చు కనుక పిల్లల చేతికి ఇంతకంటే అనువైన బొమ్మ అరుదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాల్లో బడి ప్రాజెక్టు అనగానే కొనేది పుస్తకాల దుకాణంలో చుట్టి ఇచ్చే రంగు చార్టు. అది గోడకు తగిలించడానికి తగినదే కానీ చుట్టినప్పుడు పడిన వంపు దానిలో నిలిచిపోయి, పెట్టెగా మడిచాక రోబో ఛాతీ ఉబ్బినట్లు కనిపిస్తుంది. అదే బజారులో శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సులో బల్లపరుపుగా పేర్చిన కార్డు షీట్లు దొరుకుతాయి, కటింగులో మిగిలిన ముక్కలు పాదాలకూ అరచేతులకూ సరిపోతాయి. పిల్లలను ముందుగా పంపవలసింది అక్కడికే.

కాగితం బరువును జీఎస్ఎంలో, అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్కలో చెబుతారు. పదహారు ఏ4 షీట్లు కలిస్తే ఒక చదరపు మీటరు అవుతుంది కనుక జిరాక్సుకు వాడే 80 జీఎస్ఎం షీటు ఒక్కొక్కటి సుమారు 5 గ్రాములు ఉంటుంది. జానెడు ఎత్తు రోబోకు 160 నుంచి 200 జీఎస్ఎం చాలు. మందం పెరిగినకొద్దీ బొమ్మ గట్టిపడుతుందన్న నమ్మకం సగమే నిజం. 300 జీఎస్ఎం కార్డుతో చిన్న వేళ్లు మడవబోతే మూలల్లో మందం పేరుకొని అంచులు కలవవు. కాగితానికి బలం ప్రధానంగా మడతనుంచి వస్తుంది.

మడత సవ్యంగా పడాలంటే గ్రెయిన్ తెలియాలి. మిల్లులో నీళ్లలో కలిసిన గుజ్జు కదిలే జల్లెడపై పరుచుకొనేటప్పుడు అందులోని నారలు ఎక్కువగా యంత్రం సాగే దిశలోనే సర్దుకుంటాయి. ఆ వాలునే గ్రెయిన్ అంటారు. షీటును రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే ఒకవైపు సులువుగా లొంగుతుంది, ఆ మడత గ్రెయిన్ వెంబడి పడుతుందన్నమాట. అడ్డంగా మడిచినప్పుడు నారలు విరిగి అంచు చిట్లుతుంది. తేమ తగిలితే నార పొడవులో కంటే అడ్డంలో ఎక్కువగా ఉబ్బుతుంది కనుక ముసురు పట్టిన రోజుల్లో కాగితం ఒకే వైపు వంగుతుంది. అందుచేత కాలి ఎత్తు గ్రెయిన్ వెంబడి వచ్చేలా వల రూపాన్ని షీటుపై అమర్చాలి. అప్పుడు నిలువు మడతలు శుభ్రంగా పడతాయి, కాలు కూడా నిటారుగా నిలుస్తుంది. గ్రెయిన్‌కు అడ్డంగా మడవక తప్పనిచోట స్కేలు పెట్టి ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో ముందుగా గీత నొక్కుకోవాలి.

భద్రాచలం దగ్గర సారపాకలోని ఐటీసీ మిల్లు రైతులు పెంచే సుబాబుల్, జామాయిల్ కలపను గుజ్జుగా వాడుతుంది. ఈ చెట్ల నారలు పొట్టివి కనుక కాగితం నునుపుగా వస్తుంది, అయితే పదేపదే మడతకు ఓర్చే గుణం దేవదారు జాతుల పొడవు నారలకే ఎక్కువ. ఆర్ట్ కార్డుపై ఉండే మెరుపు పూత మడత దగ్గర పగిలి తెల్లని గీత తేలుతుంది, జిగురునూ లోపలికి ఇంకనివ్వదు. పూత లేని కార్డే మేలు.

కోదాడ దాటి విజయవాడ వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారికి సమీపంలోని కొండపల్లిలో కళాకారులు తేలికైన తెల్లపొణికి కర్రతో అవయవాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. కాగితపు బొమ్మకు ఫెవికాల్ చాలు, కానీ అందులో నీరు ఉంటుంది కనుక అగ్గిపుల్లతో పలుచగా రాయాలి. మొండెం లోపల మూల నుంచి మూలకు ఒక అట్టముక్కను అడ్డుగా నిలిపితే ఛాతీ నొక్కుకుపోదు. పాదాలు మూసేముందు వాటిలో చెరొక రూపాయి బిళ్ల పెడితే బరువు కిందికి దిగి, ఫ్యాను గాలికి రోబో పడిపోదు.