హోన్వేడ్ పరుగు బాణీ

బుడాపెస్ట్ హోన్వేడ్ హంగేరీ సైన్యం నడిపిన క్రీడా క్లబ్బు. ఫుట్‌బాల్ అభిమానులకు ఇది ఫెరెంత్స్ పుష్కాష్ ఆడిన జట్టుగా పరిచయం. ఆ జట్టు యూరప్‌ను ఊపేస్తున్న కాలంలోనే క్లబ్బు అథ్లెటిక్స్ విభాగంలో ముగ్గురు రన్నర్లు మధ్యదూర, సుదూర పరుగుల చరిత్రను తిరగరాశారు. షాండోర్ ఇహారోష్, లాస్లో తాబోరి, ఇష్త్వాన్ రోజావోల్గి 1955, 1956 సంవత్సరాల్లో 1,000 మీటర్ల నుంచి 10,000 మీటర్ల దాకా ప్రపంచ రికార్డులను ఒకదాని వెంట ఒకటిగా బద్దలుకొట్టారు లేదా సమం చేశారు. ముగ్గురిదీ ఒకే క్లబ్బు, ముగ్గురికీ ఒకే కోచ్. ఆయన పేరు మిహాయ్ ఇగ్లోయ్. ఆయన రూపుదిద్దిన శిక్షణ పద్ధతి పరుగు క్రీడకు హంగేరీ ఇచ్చిన గొప్ప కానుక. దాని విలువ తెలియాలంటే రికార్డుల పట్టిక చూస్తే చాలదు, ట్రాక్ మీద రోజూ ఏం జరిగేదో తెలుసుకోవాలి.

క్లబ్బు, కాలం

హంగేరీలో వ్యవస్థీకృత అథ్లెటిక్స్ చాలా పాతది. 1875లో బుడాపెస్ట్‌లో ఏర్పడిన హంగేరియన్ అథ్లెటిక్ క్లబ్బు, బ్రిటన్‌ను మినహాయిస్తే యూరప్‌లోనే మొదటి అథ్లెటిక్స్ క్లబ్బుగా గుర్తింపు పొందింది. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో నాందోర్ దానీ 800 మీటర్లలో రెండో స్థానం, గ్యూలా కెల్నర్ మారథాన్‌లో మూడో స్థానం సంపాదించారు. 1900 పారిస్ క్రీడల్లో రుడోల్ఫ్ బావర్ డిస్కస్ త్రోలో స్వర్ణం గెలిచాడు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం పెద్ద క్లబ్బులను ప్రభుత్వ శాఖలకు అప్పగించింది. 1949లో కిష్‌పెష్ట్ క్లబ్బు సైన్యం చేతికి వచ్చి హోన్వేడ్‌గా మారింది. సైన్యం అండ ఉండటంతో క్రీడాకారులకు జీతభత్యాల దిగులు లేదు, సాధనకు సమయం ఉంది. పశ్చిమ యూరప్‌లో చదువుకుంటూనో ఉద్యోగం చేస్తూనో పరుగెత్తే రన్నర్లు రోజుకు ఒక్కసారి ట్రాక్ మీదికి రావడమే గగనమైన రోజులవి. హోన్వేడ్ రన్నర్లు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి సాధన చేసేవారు. ఇగ్లోయ్ పద్ధతి వేళ్లూనుకోవడానికి ఈ వెసులుబాటు ఎంతగానో తోడ్పడింది.

ఇగ్లోయ్ 1908లో పుట్టారు. ఆయన స్వయంగా 1,500 మీటర్ల రన్నర్. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో హంగేరీ తరఫున పాల్గొన్నారు, ఫైనల్ చేరలేదు. తన కాలపు మేటి రన్నర్లు ఎలా సాధన చేస్తున్నారో గమనిస్తూ, మంచిదనిపించిన ప్రతి పద్ధతినీ తన శరీరం మీదే పరీక్షించుకుంటూ కోచ్‌గా ఎదిగారు.

ఇంటర్వల్ శిక్షణ, అంతకు ముందు

నిర్ణీత దూరాన్ని వేగంగా పరుగెత్తి, కొద్దిసేపు నెమ్మదిగా జాగింగ్ చేసి, మళ్లీ వేగంగా పరుగెత్తడాన్ని ఇంటర్వల్ శిక్షణ అంటారు. ఇది ఇగ్లోయ్ కనిపెట్టింది కాదు. 1930లలో జర్మన్ కోచ్ వోల్డెమార్ గెర్ష్లర్, హృద్రోగ నిపుణుడు హెర్బెర్ట్ రైండెల్‌తో కలిసి దీనికి ఒక శాస్త్రీయ చట్రం కట్టారు. రన్నర్ గుండె వేగం నిమిషానికి 180 దాకా చేరేలా పరుగెత్తించి, అది 120కి దిగాక తర్వాతి పరుగు మొదలుపెట్టించేవారు. గెర్ష్లర్ శిష్యుడు రుడోల్ఫ్ హార్బిగ్ 1939లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో ముగించి నెలకొల్పిన రికార్డు 1955 దాకా నిలిచింది. ఆ తర్వాత చెకొస్లొవేకియా వీరుడు ఎమిల్ జటోపెక్ 400 మీటర్ల పరుగులను ఒకే రోజులో పదుల సంఖ్యలో చేసి, మనిషి దేహం ఎంత సాధనకు తట్టుకోగలదో లోకానికి చూపించాడు.

గెర్ష్లర్ పద్ధతికి గుండె వేగం కొలమానం, జటోపెక్ పద్ధతికి సంఖ్యే బలం. ఇగ్లోయ్ వీటికి రెండు అంశాలు జోడించారు. ఒకటి, పరుగు తీరులో వైవిధ్యం. రెండోది, ప్రతి రన్నర్‌నూ ప్రతి క్షణం కనిపెట్టుకుని ఉండే కోచ్ కన్ను.

ట్రాక్ మీద సాధన

ఇగ్లోయ్ సాధనలో పరుగుల దూరం సాధారణంగా తక్కువే. 100, 150, 200, 300, 400 మీటర్ల పరుగులు సెట్లు సెట్లుగా సాగుతాయి. పరుగుకూ పరుగుకూ మధ్య జాగింగే తప్ప నిలబడటం, కూర్చోవడం ఉండవు. సెట్టుకూ సెట్టుకూ మధ్య కాస్త ఎక్కువ జాగింగ్ ఉంటుంది. గంటన్నర, రెండు గంటలు సాగే సాధనలో రన్నర్ దాదాపు ఆగకుండా కదులుతూనే ఉంటాడు. ఈ చిన్న పరుగులన్నీ కలిపితే రోజు ముగిసేసరికి చాలా కిలోమీటర్లు పూర్తవుతాయి.

ఒక్కో పరుగు ఎంత వేగంగా ఉండాలో ఇగ్లోయ్ సెకన్లలో చెప్పేవారు కాదు. ఎంత బలం పెట్టాలో చెప్పేవారు. తేలికగా, బాగా, గట్టిగా అనే మూడు మెట్లు ప్రధానం. వాటి పైన సర్వశక్తులూ ఒడ్డే పరుగు ఉండేది, దాన్ని చాలా అరుదుగా వాడేవారు. ఒక్కో మెట్టులోనూ అంగల తీరు మారుతుంది. కొన్ని పరుగులు పొట్టి అంగలతో చకచకా సాగాలి, కొన్ని సాగదీసిన పొడవాటి అంగలతో సాగాలి, మరికొన్ని దాదాపు స్ప్రింటర్‌లా దూసుకుపోవాలి. పొట్టి అంగలు ఒక రకం కండరాల మీద భారం వేస్తే, పొడవాటి అంగలు మరో రకం కండరాలను పనిలోకి దించుతాయి. ఒక కండరం పనిచేస్తుండగా మరొకటి కొంత తేరుకుంటుంది. అందుకే అంత సాధన చేసినా రన్నర్ మరుసటి రోజుకు మళ్లీ సిద్ధంగా ఉండగలిగేవాడు.

ఒక సాయంత్రపు సాధన స్థూలంగా ఇలా ఉండేది. ముందు ఇరవై నిమిషాల దాకా వార్మప్ జాగింగ్. తర్వాత కాళ్లు వదులయ్యేందుకు 100 మీటర్ల తేలిక పరుగులు కొన్ని. ఆపైన అసలు భాగం. అందులో 200 మీటర్ల సెట్టు ఒకటి, 300 లేదా 400 మీటర్ల సెట్టు ఒకటి, మళ్లీ 150 మీటర్ల సెట్టు ఒకటి రావచ్చు. ఒకే సెట్టులో రెండు తేలిక పరుగుల తర్వాత ఒక గట్టి పరుగు వచ్చేలా కూర్చేవారు. చివర మళ్లీ తేలిక పరుగులు, ఆపై జాగింగ్. ఉదయపు సాధన దీనికంటే తక్కువ, తేలిక.

ఈ పద్ధతిలో అన్నిటికంటే విశేషమైన సంగతి, రన్నర్‌కు తన సాధన పట్టిక ముందుగా తెలియకపోవడం. ఒక సెట్టు ముగించి వచ్చాకే తర్వాతి సెట్టు ఏమిటో ఇగ్లోయ్ చెప్పేవారు. అడుగు పడుతున్న తీరు, భుజాలు బిగుసుకుంటున్నాయా వదులుగా ఉన్నాయా, ఊపిరి ఎలా ఆడుతోంది, ముఖంలో కళ ఎలా ఉంది అని చూసి అప్పటికప్పుడు నిర్ణయించేవారు. అలసట కనిపిస్తే సెట్టు తగ్గేది, ఉత్సాహం ఉంటే పెరిగేది. ఒకే ట్రాక్ మీద పక్కపక్కనే సాధన చేస్తున్నా ఇహారోష్‌కు ఇచ్చిన సెట్టు తాబోరికి ఇచ్చేవారు కాదు. ఇంతమందికి ఇన్ని రకాలుగా చెప్పాలంటే కోచ్ ఒక్క పూటైనా ట్రాక్ వదిలి వెళ్లడానికి వీల్లేదు. ఇగ్లోయ్ వెళ్లేవారు కాదు.

ఫలించిన రెండేళ్లు

1955 మే 14న ఇహారోష్ 3,000 మీటర్లను 7 నిమిషాల 55.6 సెకన్లలో ముగించడంతో రికార్డుల వరస మొదలైంది. ఆ నెల 28న లండన్ వైట్ సిటీ స్టేడియంలో మైలు పోటీ జరిగింది. అప్పటికి మైలును నాలుగు నిమిషాల లోపు ముగించినవాళ్లు ప్రపంచంలో ఇద్దరే, రోజర్ బానిస్టర్, జాన్ ల్యాండీ. బ్రిటిష్ మేటి రన్నర్లు క్రిస్ చాటవే, బ్రయాన్ హ్యూసన్ ఉన్న ఆ పోటీలో తాబోరి చివరి మలుపు దాటాక ముందుకు దూసుకొచ్చి 3 నిమిషాల 59.0 సెకన్లలో గెలిచాడు. మూడో వ్యక్తిగా చరిత్రకెక్కాడు. వెనకే వచ్చిన ఇద్దరు బ్రిటిష్ రన్నర్లూ 3:59.8తో నాలుగు నిమిషాల గడప దాటారు. రెండు రోజుల తర్వాత అదే లండన్‌లో ఇహారోష్ రెండు మైళ్ల రికార్డును 8:33.4కు దించాడు.

జులైలో హెల్సింకిలో ఇహారోష్ 1,500 మీటర్లను 3:40.8లో ముగించి ల్యాండీ రికార్డును చెరిపేశాడు. సెప్టెంబరులో ఓస్లోలో తాబోరి, డెన్మార్క్ రన్నర్ గున్నార్ నీల్సన్ ఒకే పోటీలో అదే సమయాన్ని అందుకున్నారు. అదే నెలలో రోజావోల్గి 1,000 మీటర్ల రికార్డును 2:19.0తో సమం చేసి, అక్టోబరులో 2,000 మీటర్లకు 5:02.2 అనే కొత్త రికార్డు నెలకొల్పాడు.

ఆ ఏడాది 5,000 మీటర్ల రికార్డు కోసం సాగిన పోరు మరో ఎత్తు. సోవియట్ రన్నర్ వ్లదీమిర్ కూత్స్ పేరిట ఉన్న రికార్డును ఇహారోష్ సెప్టెంబరు 10న 13:50.8తో అధిగమించాడు. ఎనిమిది రోజులకే కూత్స్ 13:46.8తో దాన్ని తిరిగి లాక్కున్నాడు. అక్టోబరు 23న ఇహారోష్ 13:40.6లో పరుగు ముగించాడు. ఒక్క దెబ్బకు ఆరు సెకన్లకు పైగా తగ్గింది. మరుసటి ఏడాది జులైలో 10,000 మీటర్లలో జటోపెక్ రికార్డును 28:42.8తో దాటేశాడు. 1,500, 5,000, 10,000 మీటర్ల ప్రపంచ రికార్డులు మూడింటినీ తన జీవితకాలంలో నెలకొల్పిన ఘనత అంతకు ముందు ఫిన్లాండ్‌కు చెందిన పావో నూర్మి ఒక్కడిదే. 1956 ఆగస్టులో రోజావోల్గి 1,500 మీటర్ల రికార్డును 3:40.6కు తగ్గించాడు.

రిలేలో ఈ బాణీ బలం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1955లో నలుగురు 1,500 మీటర్ల చొప్పున పరుగెత్తే రిలేలో ఈ ముగ్గురూ, ఫెరెంత్స్ మికెష్ కలిసి 15:14.8తో ప్రపంచ రికార్డు సాధించారు. ఒక్క ప్రతిభాశాలి రికార్డు సృష్టిస్తే అది పుట్టుకతో వచ్చిన బలం అనుకోవచ్చు. ఒకే కోచ్ శిష్యులు నలుగురు కలిసి ప్రపంచాన్ని మించితే అది శిక్షణ బలమే.

మెల్‌బోర్న్, ఆ తర్వాత

1956 అక్టోబరు 23న బుడాపెస్ట్‌లో ప్రజా తిరుగుబాటు మొదలైంది. నవంబరు 4న సోవియట్ ట్యాంకులు నగరంలోకి చొచ్చుకొచ్చి దాన్ని అణచివేశాయి. నవంబరు 22న మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆరంభమయ్యాయి. ఇంటి దగ్గర అయినవాళ్లు ఏమయ్యారో తెలియని స్థితిలో హంగేరీ క్రీడాకారులు బరిలోకి దిగాల్సి వచ్చింది. ఇహారోష్ ఆ క్రీడల్లో పరుగెత్తలేదు. రోజావోల్గి 1,500 మీటర్ల హీట్స్‌లోనే వెనుదిరిగాడు. తాబోరి 1,500 మీటర్లలో నాలుగో స్థానంలో, 5,000 మీటర్లలో ఆరో స్థానంలో నిలిచాడు. ఏడాదిన్నర పాటు ప్రపంచాన్ని శాసించిన బృందానికి ఒక్క పతకమూ దక్కలేదు. దీన్ని పద్ధతి వైఫల్యంగా లెక్కగట్టడం అన్యాయం. మనసు కుదురుగా లేని వారాల్లో దేహం నుంచి ఎవరూ శిఖర స్థాయి ఫలితం రాబట్టలేరు.

క్రీడలు ముగిశాక ఇగ్లోయ్, తాబోరి స్వదేశం వెళ్లకుండా అమెరికా చేరారు. హంగేరీలో ఉండిపోయిన రోజావోల్గి 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 1,500 మీటర్ల కాంస్యం గెలిచాడు. హెర్బ్ ఎలియట్ ప్రపంచ రికార్డుతో స్వర్ణం అందుకున్న పోటీ అది.

అమెరికాలో మలి అంకం

కాలిఫోర్నియాలో ఇగ్లోయ్‌కు సైన్యం అండ లేదు. ఆయన దగ్గరికి వచ్చినవాళ్లు ఉద్యోగాలు చేసుకునే యువకులు. తెల్లవారుజామున ఒకసారి, పని ముగిశాక ఒకసారి వాళ్లను ట్రాక్ మీదికి రప్పించి అదే శ్రద్ధతో శిక్షణ ఇచ్చారు. మొదట శాన్ హోజే ప్రాంతంలో, తర్వాత లాస్ ఏంజెలెస్ ట్రాక్ క్లబ్బులో ఈ పని సాగింది. ఆయన శిష్యుడు జిమ్ బీటీ 1962 ఫిబ్రవరిలో 3:58.9తో ఇండోర్ ట్రాక్ మీద మైలును నాలుగు నిమిషాల లోపు ముగించిన మొదటి వ్యక్తి అయ్యాడు. ఇగ్లోయ్ దగ్గర మెలకువలు నేర్చిన బాబ్ షూల్ 1964 టోక్యో ఒలింపిక్స్ 5,000 మీటర్లలో స్వర్ణం గెలిచాడు. బురదమయమైన ట్రాక్ మీద చివరి 300 మీటర్లను అతడు 38.7 సెకన్లలో ముగించాడు. అలసిన కాళ్లతో వేగం అందుకోవడం రోజూ సాధన చేసిన రన్నర్‌కే అది సాధ్యం. ఒలింపిక్స్‌లో ఈ దూరానికి స్వర్ణం గెలిచిన అమెరికన్ అంతకు ముందు ఎవరూ లేరు.

తాబోరి కూడా లాస్ ఏంజెలెస్‌లో కోచ్‌గా స్థిరపడి ఈ పద్ధతిని దశాబ్దాల పాటు బోధించాడు. ఆయన శిష్యురాలు జాక్వెలిన్ హాన్సన్ 1974లోనూ 1975లోనూ మహిళల మారథాన్‌లో ప్రపంచ ఉత్తమ సమయాలు నమోదు చేసింది. మరో శిష్యురాలు మికీ గోర్మన్ బోస్టన్, న్యూయార్క్ మారథాన్‌లు రెండూ గెలిచింది. పొట్టి పరుగుల సాధన 42 కిలోమీటర్ల పోటీకీ పనికొస్తుందనడానికి ఈ ఇద్దరే సాక్ష్యం. ఇగ్లోయ్ 1970లలో గ్రీస్‌లో పనిచేసి, చివరికి హంగేరీకి తిరిగి వచ్చారు. 1998లో కన్నుమూశారు. తాబోరి 2018లో మరణించాడు.

పద్ధతి బలం, పరిమితి

ఇగ్లోయ్ అనుభవంతో పట్టుకున్న సూత్రాన్ని 1960లో స్వీడన్ పరిశోధకులు ప్రయోగశాలలో నిరూపించారు. ఒకే మొత్తం శ్రమను మూడేసి నిమిషాల ముక్కలుగా చేయిస్తే, తీవ్ర శ్రమకు గుర్తైన లాక్టేట్ రక్తంలో బాగా పెరిగింది. అర నిమిషం చొప్పున ముక్కలుగా చేయించి మధ్యలో అంతే విరామం ఇస్తే అది తక్కువ స్థాయిలోనే ఉండిపోయింది. అంటే చిన్న పరుగు, చిన్న విరామం కలిస్తే పోటీ వేగంతో ఎక్కువ దూరం పరుగెత్తవచ్చు, దేహం కుప్పకూలదు. హోన్వేడ్ ట్రాక్ మీద సాగింది అచ్చంగా ఇదే.

ఈ పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. ఇది కాగితం మీద రాసుకుని పాటించే పట్టిక కాదు. కోచ్ కన్ను లేకుండా సెట్లను మాత్రమే అనుకరిస్తే రన్నర్ గాయాల పాలవుతాడు. ఒక కోచ్ కొద్దిమందిని మాత్రమే ఇలా కనిపెట్టుకుని ఉండగలడు. అదే కాలంలో న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ వారానికి 100 మైళ్ల సుదీర్ఘ పరుగులను పునాదిగా పెట్టి రోమ్‌లో పీటర్ స్నెల్, ముర్రే హాల్‌బర్గ్‌లను విజేతలుగా నిలిపారు. ఆ పద్ధతిని పుస్తకంలో చదివి ఎవరైనా పాటించగలరు. అందుకే లోకంలో అది త్వరగా వ్యాపించింది.

అయినా ఇగ్లోయ్ పాఠం పాతబడలేదు. నేటి మేటి రన్నర్లలో చాలామంది రోజుకు రెండు పూటలా, చిన్న విరామాలతో, అదుపు తప్పని తీవ్రతతో పరుగుల సెట్లు చేస్తున్నారు. నార్వే రన్నర్లు వేలి కొస నుంచి రక్తపు బొట్టు తీసి లాక్టేట్ కొలుచుకుని తీవ్రతను సరిచూసుకుంటారు. ఇగ్లోయ్‌కు ఆ పరికరం లేదు, రన్నర్ అడుగు, ఊపిరి, ముఖం చూసి అదే నిర్ణయం తీసుకున్నారు. ఎంత కష్టపెట్టాలన్నదే కాక ఎక్కడ ఆపాలన్నది కూడా శిక్షణలో భాగమని, అది ప్రతి రన్నర్‌కూ ప్రతి రోజూ వేరుగా ఉంటుందని హోన్వేడ్ బాణీ నేర్పింది. పరికరాలు ఎన్ని వచ్చినా కోచ్ వృత్తికి ఇదే మూలసూత్రం.