ఒక కన్నా, రెండు కళ్లా?

పొద్దున్నే మేత వేయబోతే మా ఎల్లో టాంగ్ చేప ఎడమ కన్ను బయటికి ఉబికి కనిపించింది. ముందురోజు సాయంత్రం బాగానే ఉంది. చెయ్యి మందు సీసా మీదికి పోయింది. ఆపుకుని, కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చున్నాను. చేపకు జబ్బు చేసినప్పుడు మొదటి అరగంట చూడటానికే పోవాలని నా నమ్మకం. మొప్పలు ఎంత వేగంగా ఆడుతున్నాయి, చేప బండలకు ఒళ్లు రాసుకుంటోందా, మేత దగ్గరికి వస్తోందా, ఏది దేన్ని తరుముతోంది... ఇవన్నీ మందుకంటే ముందు తెలియాలి.

ఒక్క కన్నే ఉబ్బితే చాలావరకు దెబ్బే. రెండూ ఉబ్బితే నీటిలోనో ఒంట్లోనో ఏదో చెడిందని అనుమానించాలి. అమ్మోనియా పరీక్ష చేశాను, సున్నా. కుడి కన్ను తేటగా ఉంది. ఎడమ కన్ను కింద మాత్రం సన్నటి గీత, జిగురు లేచిపోయి తెల్లగా.

సముద్రపు చేపకు ఆ జిగురూ దాని కింది చర్మమూ కవచం. చేప రక్తంలో ఉప్పు సముద్రపు నీటిలో ఉన్నదానిలో దాదాపు మూడో వంతే. అందుకే ఒంట్లోని నీరు ఎప్పుడూ బయటికే జారుతుంటుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి చేప ఉప్పునీరే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల గుండా తోసేస్తుంది. చర్మం గీరుకుపోతే ఆ జారుడు ఇంకా పెరుగుతుంది. పెద్ద గాయమైతే చేప నీళ్లలో ఉంటూనే ఎండిపోతుంది.

పుండును చూసి దెబ్బ అనుకుని నేను ఘోరంగా పొరబడ్డ రోజు కూడా ఉంది. అప్పట్లో ఆకుపచ్చ క్రోమిస్ చేపలు ఆరు ఉండేవి. ఒకదాని డొక్క మీద ఎర్రటి పుండు కనిపించింది. క్రోమిస్‌లు ఒకదాన్నొకటి వేధించుకోవడం మామూలే కదా, కాటేననుకుని, తరుముతున్న చేపను వేరు చేశాను. వారంలో నాలుగు పోయాయి. చివరిదాని పుండు గీరి మైక్రోస్కోప్ కింద పెడితే యురోనీమా: గిరగిరా ఈదుతున్న ఏకకణ జీవులు. క్రోమిస్ డొక్క మీద ఎర్రటి పుండు కనిపిస్తే ముందు వాటినే అనుమానించాలని నాకు అప్పటికి తెలియదు. ఆ నాలుగు ప్రాణాలూ ఇప్పటికీ గుర్తొస్తాయి.

ఇక మా టాంగ్ విషయానికొస్తే, దాన్ని పట్టి వేరే తొట్టిలో వేయలేదు. దాని తోక మొదట్లో కత్తిలాంటి ముల్లుంటుంది, వలకు చిక్కుకుంటే ఇంకో గాయం. తప్పనిసరైతే పారదర్శకమైన డబ్బాతో ముంచి తీస్తాను. రాగి మందు జోలికీ పోలేదు. అది పరాన్నజీవులకు పనికొస్తుంది, దెబ్బలకు కాదు. పైగా పెద్ద తొట్టిలో పోస్తే రొయ్యలూ పగడాలూ బతకవు. నీరు కొంత మార్చి, రోజూ ఎండిన నాచు రేకు క్లిప్పుకు పెట్టాను. మూడోరోజు అంచు కొరికింది. తొమ్మిదోరోజుకు కన్ను లోపలికి సర్దుకుంది.

దెబ్బ ఎలా తగిలిందో తేలడానికి ఇంకా కొన్నాళ్లు పట్టింది. ఒక రాత్రి మంచినీళ్ల కోసం లేచి, తొట్టి లైటు ఒక్కసారిగా వేశాను. నిద్రలో ఉన్న టాంగ్ ఉలిక్కిపడి బండకేసి దూసుకుపోయింది. ఈసారి తగల్లేదు. ఇప్పుడు ముందు హాల్లో చిన్న బల్బు వేసి, పావుగంట ఆగాకే తొట్టి లైటు వేస్తున్నాను.